బరంపురం దాకా బావ డ్రైవింగు

చెల్లి పెళ్లికి పట్టుచీరలు తెద్దామని విజయనగరం నుంచి బరంపురం బయల్దేరాం. స్టీరింగు బావది, వెనక సీట్లో అక్క, అమ్మ. నాతవలస దగ్గర హైవే ఎక్కీఎక్కగానే స్పీడు ముల్లు 110 మీదుంది. నాలుగు లైన్లు, ఆపైన ఉన్న ఇలాంటి డివైడరు రోడ్డుకి 2018లో కేంద్రం చెప్పిన గరిష్ఠ వేగం కారుకి 100, లారీకి 80. బావకి ఆ సంగతి తెలుసు. వేగం కొలిచే స్పీడు గన్ను పోలీసులు ఎక్కడ పెడతారో అంతకంటే బాగా తెలుసు.

రణస్థలం దాటాక అవతలి రోడ్డులో వస్తున్న లారీ, ముందు పోలీసులున్నారన్నట్టు లైట్లు కొట్టింది. బావ కాలు బ్రేకు మీదకెళ్లింది. వేపచెట్టు నీడన మూడు కాళ్ల స్టాండు, దానిమీద కెమెరా, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కానిస్టేబుల్. చెయ్యెత్తేదీ లేదు, ఆపేదీ లేదు. వేగం, టైముతో సహా నంబరుప్లేటు ఫొటో పడిపోతుంది, చలానా ఫోనుకొస్తుంది. 2019 సవరణ చట్టం ప్రకారం కారుకైతే వెయ్యి నుంచి రెండు వేలు. చెట్టు వెనక్కి పోయిందో లేదో, ముల్లు మళ్లీ 110!

ఎచ్చెర్ల దగ్గర మాత్రం ఆ తెలివి పనిచెయ్యలేదు. రోడ్డుకి అడ్డంగా అటొకటి ఇటొకటి ఇనుప స్టాపర్లు పెట్టారు. బస్సయినా బెంజికారైనా మెలికలు తిరుగుతూ పోవాల్సిందే. గన్నుకి భయపడనివాడు కూడా బంపరు గీసుకుపోతుందంటే భయపడతాడు.

టెక్కలి దాటాక టీకి ఆగాం. పక్క బల్ల మీద లారీ డ్రైవరు, మనవైపు మనిషే.

"ముంబయి-పూనా రోడ్డు మీద ఈ ఏషాలు సాగవు బాబూ. ఈ కెమెరా కాడ్నించి ఆ కెమెరా కాడికి ఎన్ని నిమిషాల్లో వచ్చినావో లెక్క కట్టేస్తాది. మద్దెలో బ్రేకు తొక్కినా లాభం నేదు" అన్నాడు.

"మరి మన దగ్గరో?"

"రేత్రి రెండింటికి పోలీసోళ్లు బండాపి, దిగు, మొకం కడుక్కో అని నీలిస్తారు. సిరాకేస్తాది గానీ నిద్దరెగిరిపోద్ది."

నాకు నచ్చింది అదే. చలానా వచ్చేసరికి వేగం ముగిసిపోయి ఉంటుంది. నీళ్లు అప్పటికప్పుడే పనిచేస్తాయి.

కారెక్కాక బావకి 2021 నాటి రూలు చెప్పాను. కెమెరా ఉన్న రోడ్డుకి ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, నోటీసు పదిహేను రోజుల్లో పంపాలి.

"అయితే బోర్డు నేకపోతే కట్టక్కర్లేదేటి?"

"కోర్టుకెళ్లి వాదించుకో."

అక్క నవ్వింది.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లాక ఎదురు లారీలు లైట్లు కొట్టలేదు. అక్కడి పోలీసులు ఏ చెట్టు కింద కూర్చుంటారో బావకి తెలీదు. బరంపురం దాకా ఎనభై దాటితే ఒట్టు.