సౌండ్ తేడాగా ఉందంటే వినరేం

మా పెరట్లో గడ్డి కోసే మిషన్‌కి ఉన్నంత నిజాయితీ మా ఇంట్లో మగాళ్ళకి లేదు. అది పాడయ్యే ముందు చెప్తుంది, నేను వింటా, విని వీళ్ళకి చెప్తా, వీళ్ళు "ఏం కాదులేమ్మా" అంటారు, తర్వాత అది పాడవుతుంది. ప్రతి వానాకాలం ఇదే వరస.

మాది కోనసీమ. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు, మధ్యలో అరటి, రెండు మంచి వానలు పడ్డాయంటే గరికా తుంగా వయ్యారిభామా అన్నీ కలిసి మోకాళ్ళ దాకా లేచి కూర్చుంటాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను ఇక్కడే ఉంటున్నా కాబట్టి పెరటి పనులన్నీ నా కిటికీ ముందే జరుగుతాయి, మీటింగ్‌లో ఉన్నా ఒక చెవి అటే ఉంటది. ఆ గడ్డి కోసే మిషన్, అదే బ్రష్ కట్టర్, నాన్న కొన్నదే గానీ ఎక్కువ వాడేది బాబాయి. నేనూ కోస్తా, బ్లేడు జోలికి పోకుండా నైలాన్ తాడు హెడ్ పెట్టుకుని, ఫుల్ చేతుల చొక్కా వేసుకుని (వయ్యారిభామ రసం చేతులకి తగిలితే రెండ్రోజులు గోక్కుంటూ కూర్చోవాలి, పడనోళ్ళకి తెలుసు).

మొన్న వానలకి ముందు మిషన్ బయటికి తీశారు. స్టార్ట్ చేసి గడ్డి మీద పెట్టి బాబాయి బీడీ వెలిగించుకుంటున్నాడు, యాక్సిలరేటర్ ఎవరూ నొక్కట్లేదు, బ్లేడు మాత్రం తిరుగుతోంది. మెల్లగానే, కానీ తిరుగుతోంది. చూడగానే నాకు ఏదోలా అయ్యింది. బాబాయ్ ఇది ఆగాలి కదా అంటే "కొన్న కాడ్నించీ అంతేలే అమ్మాయ్" అన్నాడు. కొన్న కాడ్నించీ అంతే కాదు, నాకు గుర్తుంది, వదిలేస్తే ఆగేది. కానీ పని మధ్యలో ఆపి వాదించే టైం కాదది, పైగా అవతల మబ్బు పట్టింది.

అసలు ఆ బ్లేడు ఎందుకాగాలో ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయా, తర్వాత మెకానిక్ షెడ్డులో విప్పినప్పుడు చూశా. ఇంజన్‌కీ షాఫ్ట్‌కీ మధ్య క్లచ్ ఉంటది, రెండు చిన్న షూలు, వాటిని లోపలికి లాగి పట్టుకునే స్ప్రింగ్. ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా నిమిషానికి సుమారు 3 వేల చుట్ల దగ్గర ఉన్నంత సేపూ ఆ స్ప్రింగ్ షూలని వదలదు, బ్లేడు ఊరికే ఉంటది. యాక్సిలరేటర్ నొక్కి స్పీడ్ పెంచితే షూలు బయటికి విసిరినట్టు వెళ్ళి చుట్టూ ఉన్న డ్రమ్‌ని పట్టుకుంటాయి, అప్పుడు బ్లేడు తిరుగుతుంది. ఐడిల్‌లోనే తిరుగుతోందంటే ఐడిల్ స్క్రూ ఎక్కువైనా తిరిగి ఉండాలి, స్ప్రింగ్ అయినా పోయి ఉండాలి, ఈ రెండే ముందు చూసుకునేవి. మాది స్ప్రింగే. రెండు ముక్కలు. మెకానిక్ అరచేతిలో వేసి చూపించాడు, తెగిన చోట సగం తళతళా కొత్తగా ఉంది, మిగతా సగం తుప్పు పట్టేసి ఉంది. అంటే ఎప్పుడో చిట్లి, ఈమధ్యే పూర్తిగా తెగిందన్నమాట.

అది తెలిసే లోపు జరగాల్సింది జరిగింది. మనిషికి కాదు, పైపుకి. బాబాయి ఒక మడి కోసేసి మిషన్ భుజానికి అలాగే తగిలించుకుని ఇంకో మడికి నడుస్తుంటే ఆ తిరిగే బ్లేడు డ్రిప్ పైపుకి తగిలింది, పైపు ఎగిరి చుట్టుకుంది, మిషన్ మొత్తం ఆయన్ని పక్కకి తిప్పేసింది. పైపు ఉన్న చోట కాలుంటే అనే ఆలోచన ఇప్పుడొచ్చినా నాకు కడుపులో తిప్పుద్ది. ఆయనేమో లేచి దులుపుకుని "పైపు అడ్డంగా ఎవడేశాడ్రా" అని అరిచాడు. పైపు వేసింది ఆయనే.

నాకు ఇక్కడ చెప్పాలనిపించేది ఒకటుంది. మనసుకి తేడా కొట్టడం అంటే జనం అదేదో బల్లి పడ్డట్టు, పిల్లి ఎదురొచ్చినట్టు శకునం లెక్కలో వేసేస్తారు. పెరటి పనిలో వచ్చే అనుమానం అది కాదండీ. దాని వెనక నూటికి తొంభై సార్లు ఒక వస్తువు ఉంటది, ఒక బోల్టు, ఒక వైరు, ఒక వాసన. చెవికో చేతికో ముందే తెలిసిపోయింది, నోటికి మాట దొరకలేదు, అంతే. మాట దొరకలేదు కాబట్టి పక్కనోడు ఏం కాదులే అనగానే మనం ఊరుకుంటాం. వాడి దగ్గరేమో మాటుంది మరి.

చెయ్యి జివ్వుమనడం చూడండి. బ్రష్ కట్టర్ ఎప్పుడూ కొంచెం అదురుతుంది, కానీ నిన్నటికంటే ఇవాళ ఎక్కువ అదురుతోందంటే బ్లేడు పన్ను విరిగి ఉండొచ్చు, చీలిక వచ్చి ఉండొచ్చు, నట్టు లూజై ఉండొచ్చు. ఆ నట్టు చాలా మిషన్లలో రివర్స్ మర ఉంటది. తెలీనోళ్ళు బిగిస్తున్నామనుకుని వదులు చేసేస్తారు. మా ఇంటికి కూలికొచ్చే అతను ఒకసారి అలాగే బిగించి, "ఎందుకోనండి బిగిసినట్టు లేదండి" అన్నాడు కూడా, పక్కనే ఉన్న బాబాయి "కానీయ్ కానీయ్" అన్నాడు. నేను ఆపమని అరిచి, మిషన్ స్టార్ట్ అవ్వకుండా స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి, మళ్ళీ చూస్తే నట్టు వేళ్ళతో తిరుగుతోంది.

పెట్రోల్ సంగతీ అంతే. గోడ పక్కన ప్లాస్టిక్ సీసాలో పోయినేడాది మిక్స్ చేసిన పెట్రోల్ మిగిలింది (సీసాలో పెట్టకూడదని నాకూ తెలుసు, నాన్నకి చెప్పండి). మూత తీస్తే వాసన పెట్రోల్‌ది కాదు, పాత వార్నిష్‌లాగా పుల్లగా ఉంది. ఎండకి ఎత్తి చూస్తే అడుగున వేలెడంత మందాన వేరే పొర, మధ్యలో గీత గీసినట్టు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కదా, అది గాలిలో తేమ లాగేసుకుంటుంది, కొంచెం కొంచెం లాగీ లాగీ ఒక హద్దు దాటాక నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. టూ స్ట్రోక్ మిషన్‌కి మనం కలిపే ఆయిలు మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోద్ది. ట్యాంక్‌లో పైపు పీల్చేది అడుగునుంచి. అంటే ఆయిల్ లేని నీళ్ళ ఇథనాల్ ఇంజన్‌లోకి పోద్ది, స్టార్టే అవ్వదు, అయితే అంతకంటే ఘోరం, పిస్టన్ రాసుకుపోద్ది. నాన్న ఆ సీసా చూసి "వంద రూపాయల సరుకు పారబోస్తావా" అన్నారు. పిస్టన్ సెట్టు ధర చెప్పాక ఇంకేం అనలేదు.

సరే ఇవన్నీ డబ్బుతో పోయేవి. నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చేది మోటారు.

బావి పక్కన మోనోబ్లాక్ మోటారు, దానికి ఇనప పైపు, పైపు కింద గచ్చు. అమ్మ రోజూ అక్కడే బట్టలుతుకుద్ది. కొన్నాళ్ళుగా అంటోంది, "ఆ పైపు ముట్టుకుంటే చీమలు పాకినట్టుందే" అని. నాన్న వెళ్ళి పైపు పట్టుకుని నిలబడ్డారు. "నాకేం తగల్లేదే, నీకు నరాల బలహీనత, బీ కాంప్లెక్స్ వేసుకో." బాబాయి పట్టుకున్నాడు, ఆయనకీ ఏం లేదు. ఇద్దరు మగాళ్ళు చెక్ చేసి పాస్ చేశారు కాబట్టి కేసు కొట్టేశారు. అమ్మ కూడా నమ్మేసింది, అదీ నా బాధ. తన చేతికి తెలిసిన విషయాన్ని తనే కాదనుకుంది.

నేను ఊరికే చూస్తూ నిలబడితే అప్పుడు కనిపించింది. వాళ్ళిద్దరి కాళ్ళకీ రబ్బరు చెప్పులున్నాయి. అమ్మ తడి గచ్చు మీద ఉత్తి కాళ్ళతో ఉంది.

మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఎవర్నీ వెయ్యనివ్వలేదు. అతనొచ్చి ఆన్ చేయించి మోటారు బాడీకి టెస్టర్ ఆనిస్తే వెలిగింది. ప్లగ్ విప్పాడు, త్రీ పిన్ ప్లగ్గే, పెద్ద పిన్ను కూడా ఉంది, కానీ వైరు రెండు కోర్లది. ఎర్త్ పిన్నుకి ఏమీ కలపలేదు, స్క్రూ అలా మెరుస్తూ ఖాళీగా ఉంది. ఎప్పుడో వైరు మార్చినప్పుడు ఇంట్లో ఉన్న ముక్క వేసేశారట. వైండింగ్‌కి తేమ పట్టి కరెంటు బాడీకి లీకవుతోంది, భూమిలోకి పోవడానికి దారి లేదు, అమ్మే దారి. "చెప్పుల్లేకుండా ఉన్నారు కాబట్టి మీకు తెలిసిందండి, అదృష్టం, ఇంకా ఎక్కువ లీకయ్యాక తెలిస్తే ఏముందండి" అన్నాడతను మామూలుగా, వైరు చెక్కుతూ. ఎంసీబీ ఉంది కదా అని నాన్న అడిగారు. అది వైర్లు కాలిపోకుండా చూస్తది గానీ మనిషిని కాపాడదు, పదహారు ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకంటే ఎక్కువ కరెంటు లాగాలి, మనిషి ప్రాణానికి అందులో వెయ్యో వంతుల్లో లెక్క. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అని వేరే ఉంటది, వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చినదానికీ తేడా వస్తే టక్కున కట్ చేస్తది. అది పెట్టించాం, మూడు కోర్ల వైరు వేయించాం, ఎర్త్ గొయ్యి కొత్తగా తీసి బొగ్గులూ ఉప్పూ వేయించి నీళ్ళు పోశాం. ఎండాకాలంలో కూడా అప్పుడప్పుడూ నీళ్ళు పొయ్యాలట అందులో, ఎండిపోతే పనిచెయ్యదు.

బీ కాంప్లెక్స్ సీసా ఇంకా అలాగే ఉంది అల్మారాలో. నాన్నకి చూపిస్తుంటా.

నా అనుమానాలన్నీ నిజమే అని కాదు. అరటి బోదెల దగ్గర గరగర వినపడితే పామని ఊరంతా లేపేశా, తొండ. పాము విషయంలో మాత్రం కూలికొచ్చే అతని బుద్ధే నయం, కొబ్బరి మట్టల గుట్ట దగ్గరికొస్తే చెయ్యి పెట్టడు, పొడుగు కర్రతో ఒక్కో మట్టా తిప్పి అవతల పడేసి, అప్పుడు దిగుతాడు. భయపడి కాదు, అలవాటు. రక్తపింజర ఉంటే బుస కొడుతుంది, గట్టిగానే వినపడుద్ది, కానీ మిషన్ నడుస్తుంటే ఏం వినపడుద్ది చెప్పండి. మిషన్ ఆపి చూడాల్సిన చోటు అది.

ఇంట్లో నాన్న గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే, ఆ ఒక్కటీ నిజంగా పెద్దదే. అల్యూమినియం దోటి. మామిడికాయలకి తేలిగ్గా ఉంటదని బాబాయి పైపు కొనుక్కొచ్చాడు, మా మామిడి చెట్టు అవతల కొమ్మలు రోడ్డు మీది పదకొండు వేల వోల్టుల లైను వైపుకే పెరిగాయి. నాన్న ఆ పైపుని గొడ్ల పాకకి దూలంగా కట్టేశారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ లైనుకి పైపు తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్ళినా చాలు. తడిసిన వెదురు కూడా నమ్మేది కాదు. అటు వైపు కాయలు రాలితే ఏరుకుంటాం.

ఇంత చెప్పి ఇంకోటి చెప్పకపోతే తప్పవుద్ది. కొన్ని చోట్ల మనసు ఏమీ చెప్పదు. పాడుపడ్డ బావిలో పూడిక తీయడానికి దిగిన మనిషి పడిపోవడం, వాణ్ణి తీయడానికి ఇంకోడు దిగి వాడూ పడిపోవడం పేపర్లో చదువుతూనే ఉంటాం. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్ ఉంటది, హైడ్రోజన్ సల్ఫైడ్, తక్కువున్నప్పుడు ముక్కు పట్టేస్తది, ఎక్కువైతే ముక్కే పనిచెయ్యడం మానేస్తది, వాసన పోయింది కదా గాలి ఆడిందనుకుంటాం. బావిలోకి ఇంజన్ దించి నీళ్ళు తోడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే లేదు. పూర్వం లాంతరు దించి చూసేవాళ్ళు, ఆరిపోతే ఆక్సిజన్ లేదని, కానీ వెలుగుతోంది కదా అని విషం లేదనుకోవడానికి లేదు, పైగా మండే గ్యాస్ ఉంటే ఆ దీపమే ముప్పు. మా పాత బావి పూడిక తీద్దామని బాబాయి అన్నప్పుడు నాకు ఏ తేడా కొట్టలేదు, చల్లగా నీడగా బాగుంది కూడా అక్కడ. అయినా వద్దన్నా, చదివింది గుర్తొచ్చి. గ్యాస్ చెక్ చేసే మీటరూ, గాలి పంపే బ్లోయరూ, నడుముకి తాడూ ఉన్నవాళ్ళు వస్తేనే దిగడం, లేదంటే పూడికతోనే ఉండనీ.

ఇప్పుడు నేను వాదించడం మానేశా. తేడా అనిపిస్తే మీటింగ్ మ్యూట్‌లో పెట్టి వెళ్ళి, స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్ క్యాప్ పీకి జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడతా. క్యాప్ వైరుకే ఉంటది, జేబులో ఏం లేదు, అయినా బాబాయి ఆగుతాడు. "ఇంకొంచెమే ఉందే, ఆ మూల ఒక్కటీ" అంటాడు. ఆ ఆఖరి మూలకే నాకు భయం, అప్పటికి చేతులు లాగేస్తుంటాయి, వెలుతురు పోతుంటది, ట్యాంక్ అయిపోయి ఉంటది, కాలుతున్న ఇంజన్ మీద పెట్రోల్ పోసేది కూడా అప్పుడే.

ప్రస్తుతానికి కొత్త అనుమానం, గేర్ హెడ్, అంటే బ్లేడు దగ్గరుండే గేర్ల డబ్బా, వేడెక్కుతోంది, చెయ్యి పెట్టలేనంత. గ్రీజు పెట్టే బోల్టు విప్పి చూస్తే లోపల నల్లగా ఎండిపోయి ఉంది. గ్రీజు కొట్టా, సగం తగ్గింది, కానీ కిందకి దించేటప్పుడు సన్నగా కీచుమంటోంది, బేరింగే అని నా అనుమానం. బాబాయి గ్రీజు సర్దుకుంటోందిలే అంటున్నాడు. సోమవారం మిషన్ బండికి కట్టి అమలాపురం పట్టుకెళ్తున్నా, అప్పటిదాకా బ్లేడు విప్పి నా గదిలో పెట్టుకున్నా.