మానని పుండు: పొడవు, వెడల్పు కాక ఇంకేం కొలవాలి? నా అనుభవం

కాలి పుండుకు చికిత్స తీసుకునేవాళ్లకు ఈ వరస తెలిసిందే. వెళ్లిన ప్రతిసారీ కట్టు విప్పి, కాగితపు స్కేలు పెట్టి పొడవు, వెడల్పు రాసుకుంటారు, ఫొటో తీస్తారు. నాది సిరల లోపం వల్ల వచ్చిన పుండు, చీలమండకు కాస్త పైన, లోపలివైపు. సిరల్లో ఉండే కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, ఆ ఒత్తిడికి చర్మం దెబ్బతింటుంది. ధమనుల్లో రక్తప్రసారం బాగానే ఉందని డాప్లర్‌తో (శబ్ద తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే పరీక్ష) చూసి, బిగుతుగా చుట్టే కంప్రెషన్ కట్టు మొదలుపెట్టారు. చికిత్సలో లోపమేమీ లేదు. కాకపోతే కొలతలు అయ్యాక నన్ను అడిగేది ఒకటే: "నొప్పి ఎలా ఉందమ్మా?"

నొప్పి ఓర్చుకోగలిగేలానే ఉండేది. నన్ను కుంగదీసింది వాసన. రసి కారి కట్టు తడిసిందంటే ఆ రోజు ఇక ఎవరి దగ్గరా కూర్చోబుద్ధయ్యేది కాదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే టెన్షన్. పక్క తడుస్తుందని రాత్రి నిద్ర కూడా సరిగా పట్టేది కాదు. ఇవేవీ స్కేలు మీద కనిపించవు. వాసన గురించి మనంతట మనం నోరు విప్పి చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కొన్నాళ్లకు డ్రెస్సింగ్ చేసే నర్సు గారు రెండు ఫారాలు ఇచ్చారు. మొదటిది ఈక్యూ-5డీ, ఏ జబ్బుకైనా వాడేది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన అని ఐదు అంశాలు, ఆపైన 0 నుంచి 100 వరకు గీతలున్న స్కేలు మీద ఆరోగ్యానికి మనమే వేసుకునే మార్కు. అది ఈ రోజు ఎలా ఉన్నారనే అడుగుతుంది. త్వరగానే అయిపోయింది, కానీ నా బాధ అందులో ఎక్కడా పట్టలేదు.

రెండోది వూండ్-క్యూఓఎల్, అంటే పుండు వల్ల మన జీవన నాణ్యత ఎలా ఉందో అడిగేది. పుండ్లు ఉన్నవాళ్ల కోసమే 2014లో వచ్చిన ప్రశ్నావళి, మొత్తం 17 ప్రశ్నలు. గడిచిన 7 రోజులను తలుచుకుని, ఒక్కోదానికి 'అస్సలు లేదు' నుంచి 'చాలా ఎక్కువ' వరకు, అంటే 0 నుంచి 4 వరకు గుర్తు పెట్టాలి. నొప్పి అయ్యాక రెండో ప్రశ్నే వాసన గురించి! ఆ తర్వాత రసి, నిద్ర. ఇంకా కిందికి వెళ్తే దిగులు, పుండుకు ఏదైనా తగులుతుందేమోనన్న భయం, మెట్లెక్కడం, నలుగురిలోకి వెళ్లడం, ఇతరుల మీద ఆధారపడటం, చివరికి డబ్బు భారం కూడా. ఇన్నాళ్లూ నాకొక్కదానికే అనుకున్నవన్నీ అక్కడ అచ్చులో ఉన్నాయి. అంటే ఇది చాలామంది పడేదేనన్నమాట. కళ్లు తుడుచుకుంటూనే వాసనకు 4 పెట్టాను.

డాక్టర్ గారు మొత్తం స్కోరు (అన్ని జవాబుల సగటు) కన్నా ముందు 4 పెట్టిన ప్రశ్నలనే చూశారు. అది నాకు చాలా నచ్చింది. రసిని బాగా పీల్చుకునే ఫోమ్ డ్రెస్సింగ్‌కు మార్చారు, కొన్నాళ్లు కట్టు త్వరత్వరగా మార్చమన్నారు, వాసనకు మెట్రోనిడజోల్ జెల్ రాశారు. తర్వాత మళ్లీ అదే ఫారం నింపినప్పుడు పుండు కొలత దాదాపు అంతే ఉంది. సగటు స్కోరు మాత్రం రెండున్నర పైనుంచి ఒకటిన్నరకు దిగింది. పుండును కొలిచే కాగితపు స్కేలును మాత్రమే నమ్మితే ఆ మధ్యకాలంలో నాకు ఏ మేలూ జరగలేదని రాసుకోవాల్సిందే. నేను మాత్రం రాత్రిళ్లు నిద్రపోతున్నాను.

ఈ ఫారం నింపబోయేవాళ్లకు నేను చెప్పేది: డాక్టర్ గారు నొచ్చుకుంటారని తగ్గించి పెట్టకండి. వీలైనంత వరకు ఏదీ వదలొద్దు, కనీసం 13 ప్రశ్నలకు జవాబుంటేనే మొత్తం స్కోరు లెక్కకొస్తుంది. చదవడం కష్టమైతే ఇంట్లోవాళ్లతో చదివించుకోండి, జవాబు మాత్రం మీదే అయ్యుండాలి. నాకు నిద్ర బాగానే పడుతోందని మా అమ్మాయి నిజంగానే నమ్మింది, ఎందుకంటే తను లేచేసరికి నేను కళ్లు మూసుకునే ఉండేదాన్ని.

అడగనివీ కొన్ని ఉన్నాయి. స్నానం గురించి, కట్టు మీద పట్టే చెప్పుల గురించి ఆ 17లో విడిగా ప్రశ్నలు లేవు. కాగితం అంచున రాసిచ్చాను. స్నానం చేసేటప్పుడు కాలికి తొడుక్కునే నీళ్లు దిగని కవరు ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇప్పటికీ నా ఫారంలో తగ్గనిది ఒకటుంది: పుండు ముదురుతుందేమో, కొత్తది వస్తుందేమోనన్న భయం. ఈ రకం పుండ్లు మానాక మళ్లీ రావడం మామూలే, అందుకే ఆ తర్వాత కూడా కంప్రెషన్ మేజోళ్లు వేసుకుంటూ ఉండాలట. వచ్చేసారి కట్టు విప్పకముందే దాని గురించి మాట్లాడదామని డాక్టర్ గారు అన్నారు.