టెంపో ట్రావెలర్ పని: డీజిల్‌లో గాలి చేరే చోటు దొరికింది

దొరికింది! ఘాట్ ఎక్కేటప్పుడు నా పాత టెంపో ట్రావెలర్ వ్యాను నీరసించిపోవడానికి కారణం పంపు కాదు, నాజిళ్లు కాదు, ఫిల్టర్ అసలే కాదు. ట్యాంకు లోపల రిటర్న్ పైపు పొట్టిగా ఉంది. ఇంజిన్ నుంచి తిరిగొచ్చే డీజిల్ అంత ఎత్తు నుంచి ధారగా పడి నురగ కడుతోంది, పక్కనే ఉన్న, ఇంజిన్‌కు డీజిల్ లాగే సక్షన్ పైపు ఆ నురగనే పీల్చుకుంటోంది. దీన్ని పట్టుకోవడానికి చేసినదంతా కొలతలతో సహా రాస్తున్నాను. పాత డీజిల్ వ్యాను ఉన్న ఎవరికైనా ఈ జబ్బు రావచ్చు.

మిగతా పనుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. క్లచ్ ప్లేటు మార్చాను. వాల్వుల (ట్యాపెట్ల) సందు చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. దగ్గర పెట్టాను. స్టార్టుకు ముందు ఇంజిన్ లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశాను. అన్నీ కుదిరాయి.

కొత్తగా చదివేవారి కోసం బండి వివరాలు. ఇది 3050 మి.మీ. వీల్‌బేస్ ఉన్న పొట్టి ట్రావెలర్. ముందు డ్రైవరు కాక ఇద్దరు, వెనక ఒక వరుసలో ముగ్గురు కూర్చుంటారు. అక్కడి నుంచి వెనక తలుపు దాకా సామానుకే. జర్మనీలో 1977లో వచ్చిన మెర్సిడెస్ టి1 వ్యానును బజాజ్ టెంపో 1987 నుంచి మన దగ్గర తయారు చేసింది, ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. టి1కి ఉన్న 3050, 3350, 3700 వీల్‌బేస్ అంకెలు ట్రావెలర్ పేర్లలో అలాగే నిలిచిపోయాయి. ఇంజిన్ ఓఎమ్616, నాలుగు సిలిండర్లు, 2399 సి.సి., డీజిల్ ముందు చిన్న గదిలో మండటం మొదలయ్యే ప్రీఛాంబర్ రకం. జర్మనీలో టాక్సీలుగా తిరిగిన మెర్సిడెస్ 240డి కార్లలో ఉన్నది ఈ ఇంజినే. ఆ కారులో దీని టార్క్ (తిప్పే బలం) 137 న్యూటన్ మీటర్లు, అదీ 2400 ఆర్.పి.ఎం. దగ్గర. ఇప్పటి 2.6 లీటర్ల కామన్ రైల్ ట్రావెలర్ 350 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అంటే దీన్ని నడిపే పద్ధతే వేరు. కింది స్పీడులో తొక్కితే పలకదు. గేరు ముందే దించి, ఇంజిన్‌ను 2400 దగ్గర నిలబెట్టి, ఓపికగా ఎక్కించాలి. అలా నడిపితే ఎంత బరువైనా మొరాయించదు. చదును రోడ్డు మీద 60–65లో ఎంత దూరమైనా హాయిగా పోతుంది, ప్రీఛాంబర్ ఇంజిన్ కాబట్టి చప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. 80 దాటితే మాత్రం గాలి హోరులో మాటలు వినపడవు. ముందూ వెనకా కమాను స్ప్రింగులే కాబట్టి ఖాళీగా వెళ్తే ఎగరేస్తుంది, వెనక మూడు నాలుగు వందల కిలోల సామాను పడితే కుదురుకుంటుంది. సీట్ల మధ్యకు పొడుచుకొచ్చిన ఇంజిన్ మూత వేడి ఎడమ కాలికి తగులుతూనే ఉంటుంది. దాని సంగతి తర్వాత చూస్తాను.

ఇక అసలు జబ్బు. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా ఏ లోపమూ కనపడదు. అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ మొదలయ్యాక కొన్ని కిలోమీటర్లు మూడో గేరులో బాగానే ఎక్కి, తర్వాత మెల్లగా బలం తగ్గిపోతుంది. యాక్సిలరేటరు నేలకు అదిమినా స్పీడు పడిపోతూనే ఉంటుంది. పొగ మాత్రం నల్లగా రాదు. ఈ గుర్తు ముఖ్యం. గాలి చాలక బలం తగ్గితే నల్లపొగ రావాలి, రావడం లేదంటే డీజిలే అందడం లేదు. పక్కన ఆపి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్ (చేతి పంపు) కొడితే మళ్లీ కొంత దూరం వెళ్తుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఈ బాధ అసలు లేదు, సగానికి దిగితే మొదలు.

మా మేస్త్రీ గారు అనుభవజ్ఞుడు. ఆయన తీర్పు "మైకో పంపు అరిగింది బాబూ, విప్పేద్దాం" అని. మైకో పంపు అంటే నాజిళ్లకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. నేను ఒప్పుకోలేదు. పంపు అరిగితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రం ఎందుకు లాగుతుంది?

ముందుగా ఫీడ్ పంపుకు అటూ ఇటూ పారదర్శక గొట్టం పెట్టాను. (బజారులో దొరికే చవక పీవీసీ గొట్టం డీజిల్‌కు కొన్నాళ్లలోనే గట్టిపడి పగులుతుంది. పరీక్షకు సరే, బండిలో వదిలేయకూడదు.) నిండు ట్యాంకుతో గొట్టంలో డీజిల్ బుడగ లేకుండా స్వచ్ఛంగా ఉంది. సగం కంటే తక్కువ ఉన్నప్పుడు 2500 ఆర్.పి.ఎం. దగ్గర సక్షన్ వైపే సోడాలో లాంటి సన్నటి బుడగలు. అంటే గాలి ఫీడ్ పంపు కంటే వెనకే చేరుతోంది. మైకో పంపు, నాజిళ్లు అక్కడితో అనుమానితుల జాబితాలోంచి పోయాయి.

తర్వాత ట్యాంకును పక్కనపెట్టి 5 లీటర్ల డబ్బా నుంచి నడిపాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చాలామంది డబ్బాను ఇంజిన్ కంటే ఎత్తులో వేలాడదీస్తారు. అప్పుడు డీజిల్ తన బరువుతోనే దిగుతుంది కాబట్టి నీరసపడిన ఫీడ్ పంపు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. నేను డబ్బాను ట్యాంకు ఎత్తులోనే కింద కట్టాను, రిటర్న్ గొట్టం డబ్బా అడుగు దాకా దించాను. బుడగలు లేవు, బలం తగ్గలేదు.

మిగిలింది ట్యాంకు, దాని నుంచి ముందుకు వచ్చే లైను. పీల్పు బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజి బిగించి చూస్తే ఐడిల్‌లో 2 అంగుళాలు, 2500 దగ్గర 4 అంగుళాల పాదరసం. దారిలో ఎక్కడైనా మూసుకుపోయి ఉంటే 8 దాటాలి. పైగా బుడగలు వచ్చినప్పుడల్లా ముల్లు కిందికి పడుతోంది. అడ్డు లేదు, గాలే. రబ్బరు ముక్కలన్నీ మార్చాను, గొట్టాలను కలిపే బాంజో బోల్టుల రాగి వాషర్లు కొత్తవి వేశాను. (పాత వాషర్లను ఎర్రగా కాల్చి మళ్లీ వాడే పద్ధతి నాకు ఇష్టమే, కానీ గాలి వెతుకుతున్నప్పుడు అనుమానానికి తావు ఉండకూడదు. టెఫ్లాన్ టేపు డీజిల్ లైనులో ఎక్కడా వద్దు, దాని పీచులు వాల్వుల్లో ఇరుక్కుంటాయి.) ఛాసిస్ వెంట వెళ్లే స్టీలు పైపును ఒక చివర మూసి, సైకిల్ పంపుతో 10 పి.ఎస్.ఐ. నింపి, సబ్బునీళ్లు రాశాను. 20 నిమిషాలు ముల్లు కదల్లేదు.

అప్పుడు చేసిన కొలతే దారి చూపింది. ట్యాంకు మీది డీజిల్ గేజి యూనిట్ రంధ్రం గుండా ఇత్తడి కడ్డీ ముంచి డీజిల్ లోతు కొలుస్తూ, రెండేసి లీటర్లు పోస్తూ వచ్చాను. ట్యాంకు లోపలి ఎత్తు 240 మి.మీ. చదును మీద లోతు 110 మి.మీ. కంటే తగ్గితే బుడగలు, దాటితే లేవు. తర్వాత ముందు భాగం పైకి ఉండేలా 4.5 డిగ్రీల వాలు మీద ఆపి చూస్తే, ఆ హద్దు చదును లెక్కలో (అంతే డీజిల్ చదును మీద ఉంటే వచ్చే లోతు) 135 మి.మీ.కి పెరిగింది. సక్షన్, రిటర్న్ పైపులు రెండూ ఉన్న ప్లేటు ట్యాంకు నడిమి నుంచి 320 మి.మీ. ముందుకు ఉంది. 4.5 డిగ్రీల వాలులో ఆ చోట డీజిల్ మట్టం సుమారు 25 మి.మీ. దిగాలి. 135 నుంచి 25 తీసేస్తే సరిగ్గా 110! గాలి కారణం ఏదైనా సరే, అది ఆ ప్లేటు దగ్గరే, అడుగు నుంచి 110 మి.మీ. ఎత్తులో ఉందని దీంతో రుజువైంది.

సక్షన్ పైపుకు ఆ ఎత్తులో పగులు ఉంటుందని ఊహించి ప్లేటు విప్పాను. అడుగు మూసి, గాలి నింపి, నీళ్లలో ముంచాను. ఒక్క బుడగ లేదు. పైపును వేలితో వంచుతూ చూశాను, వేడి నీళ్లలో పెట్టి చూశాను. అప్పుడూ లేదు. ఆ సాయంత్రం నాకు చాలా కష్టంగా గడిచింది. ఇంత పక్కాగా కుదిరిన లెక్క తప్పెలా అవుతుంది?

ప్లేటును బల్ల మీద పెట్టి రెండో పైపును కొలిచాక విషయం తేలింది. సక్షన్ పైపు ట్యాంకు అడుగుకు 15 మి.మీ. దూరం దాకా దిగుతుంది. రిటర్న్ పైపు 112 మి.మీ. ఎత్తులోనే ఆగిపోయింది, చివర హాక్సా బ్లేడు గీతలు స్పష్టంగా ఉన్నాయి. పాత యజమానుల కాలంలో ఎవరో కోసేశారు. రెండు పైపుల మధ్య ఎడం 30 మి.మీ. మాత్రమే.

కళ్లారా చూడాలనిపించింది. 20 లీటర్ల నీళ్ల క్యాను పైభాగం కోసి, అందులో డీజిల్ పోసి, ప్లేటును దానిలోకి దించి ఇంజిన్ నడిపాను. రిటర్న్ నిమిషానికి దాదాపు 600 మి.లీ. వస్తోంది. మట్టం పైపు కొస కంటే కిందికి దిగగానే ధార నేరుగా పడి, తెల్లటి నురగ కిందికి చొచ్చుకుపోయి సక్షన్ పైపు నోటిలోకి వెళ్లడం కళ్ల ముందే కనిపించింది. డీజిల్ పోసి కొస మునిగేలా చేస్తే నిమిషంలో అంతా తేటపడింది. చదును రోడ్డు మీద ఇంజిన్‌కు డీజిల్ తక్కువ చాలు కాబట్టి ఈ కొద్ది గాలిని ఓర్చుకుంటుంది. ఘాట్ మీద ఫుల్ లోడులో గాలి ఫిల్టర్ పైభాగాన పేరుకుపోయి ఊపిరి తీస్తుంది.

తాత్కాలికంగా రిటర్న్ కొసకు గొట్టం తొడిగి, క్లిప్పు బిగించి, అడుగు దాకా దించి సక్షన్‌కు ఎదురు దిక్కుకు తిప్పాను. పావు ట్యాంకుతో, వెనక సామానుతో, ఘాట్ పైనున్న గాలికొండ దాకా ఎక్కింది. మూడో గేరులో 2400 దగ్గర ముల్లు అలాగే నిలబడింది. ఆ ఆనందం మాటల్లో చెప్పలేను.

ఈ గొట్టం శాశ్వతం కాదు. మామూలు ఫ్యూయల్ గొట్టం లోపలి పొరే డీజిల్‌కు తట్టుకుంటుంది, బయటి పొర మునిగి ఉండటానికి చేసింది కాదు. స్టీలు ట్యూబు ముక్కను ఇత్తడి పోతతో అతికించాలి. రాగి ట్యూబు వంచడం సులువే, కానీ రాగి డీజిల్‌ను పాడుచేస్తుంది కాబట్టి వద్దు. అతుకు పని ప్లేటు విప్పి బయటే చేయిస్తాను. డీజిల్ ట్యాంకు దగ్గరికి మంట రానివ్వకూడదు. లైనులో కరెంటు పంపు పెట్టెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. నురగను ఇంకా గట్టిగా నెట్టడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. ఇంజినే మార్చెయ్యమన్న సలహా అసలు వినను. అదే కంపెనీ ట్రాక్స్ జీపుల్లోనూ ఈ కుటుంబపు ఇంజిన్లే తిరిగాయి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఫిల్టర్ల విషయంలో మాత్రం నేను బాష్ తప్ప వాడను.

రెండు మూడు రోజులు ఆపి ఉంచితే మొదటి స్టార్టుకు సెల్ఫ్ కాస్త ఎక్కువ తిప్పాల్సి వస్తోంది. ఫీడ్ పంపు వాల్వులు డీజిల్‌ను వెనక్కి జారనిస్తున్నాయని అనుమానం. వాల్వుల కిట్ తెప్పించాను, వచ్చే వారం వేస్తాను. వెనక నేలకు 12 మి.మీ. ప్లైవుడ్, సామాను కట్టడానికి పక్కల రెండు పట్టాలు వేయాలి. ఇంజిన్ మూత లోపల వేడి ఆపే పొర అతికించాలి. ఇవన్నీ అయితే డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి, రాత్రంతా బండిని చలిలో ఉంచాలని ఉంది. విశాఖలో తెల్లవారుజామున 15 సెకన్ల హీటర్ చాలుతోంది, అక్కడ ఎంత పడుతుందో గడియారం పెట్టి కొలుస్తాను.