ఆటలో లేని ఆవర్జా

మా నాన్నకి కంప్యూటర్ ఆటల మీద ఎప్పుడూ ఆసక్తి లేదు. పోయిన దీపావళి సెలవుల్లో మాత్రం ఒక మధ్యాహ్నం నేను కాపిటలిజం 2 ఆడుతుంటే కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాడు. ఆయనకి 76 ఏళ్ళు. అరగంట సేపు ఏమీ మాట్లాడకుండా తెర మీద దుకాణాలూ ఫ్యాక్టరీలూ చూశాడు. తర్వాత అడిగాడు.

"ఏరా, సరుకు ఎవరెవరికి వేశావో తెలుస్తోంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఎక్కడ రాసుకుంటావు?"

"ఇందులో బాకీలుండవు నాన్నా. సరుకు వెళ్ళగానే డబ్బు వచ్చేస్తుంది."

"అందరూ రొక్కమేనా?"

"అందరూ."

ఆయన ఇంకేమీ అనలేదు. లేచి కాఫీకి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు మళ్ళీ ఆట మీద మనసు పోలేదు. ఇరవై ఏళ్ళ పైబడి ఆడుతున్న ఆటలో ఇంత పెద్ద లోటు నాకెందుకు కనబడలేదా అని రాత్రంతా అదే ఆలోచన.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. హాంకాంగ్‌కి చెందిన ట్రెవర్ చాన్ తయారుచేసిన ఆట ఇది. ఆయన కంపెనీ ఎన్‌లైట్ సాఫ్ట్‌వేర్ నుంచి మొదటి కాపిటలిజం 1995లో వచ్చింది, రెండోది 2001లో. దాన్నే ఇంకా పెంచి 2012లో కాపిటలిజం ల్యాబ్ తెచ్చారు. నా చేతికి అలవాటైంది రెండోదే. 2003లో మా పల్లావరం బావ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ కొన్న రోజుల్లో ఈ సీడీ కూడా తెచ్చాడు. అప్పట్నుంచీ ఆడుతున్నాను.

ఇందులో యుద్ధాలు లేవు. చేతిలో కొంత మూలధనం, ఎదురుగా ఒక నగరం, పోటీగా మరికొన్ని కంపెనీలు, అంతే. దుకాణం పెడితే దాని లోపల తొమ్మిది గళ్ళుంటాయి, వరసకి మూడు చొప్పున. ఒక గడిలో కొనుగోలు పెట్టాలి, ఇంకో గడిలో అమ్మకం పెట్టాలి, రెండిటినీ గీతతో కలపాలి. నాలుగు కొనుగోళ్ళు, నాలుగు అమ్మకాలు, మిగిలిన గడిలో ప్రకటనలు. చాలామంది మొదట వేసే దుకాణం ఇలాగే ఉంటుంది. సరుకు మొదట్లో ఓడరేవు నుంచి తెచ్చుకుంటాం. తర్వాత సొంత ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీకి సొంత గని లేదా ఫారం. ఫ్యాక్టరీ లోపల కూడా అవే తొమ్మిది గళ్ళు.

ఆ తొమ్మిది గళ్ళంటే నాకు ప్రాణం. ఒకసారి తోలు పర్సుల ఫ్యాక్టరీ పెట్టాను. దుకాణాల్లో గిరాకీ బ్రహ్మాండంగా ఉంది, సరుకు అందడం లేదు. రెండో ఫ్యాక్టరీ కట్టేశాను. అప్పటికీ అందలేదు. ఒక్కో గడి మీద నొక్కి సరఫరా గీత, గిరాకీ గీత చూసుకుంటూ వెనక్కి వెళ్తే అప్పుడు తెలిసింది. తోలు కొనే గడి ఒక్కటే ఉంది, దాని మీద రెండు తయారీ గళ్ళు ఆధారపడ్డాయి. ఇంకో కొనుగోలు గడి పెడితే సరిపోయేదానికి కొత్త ఫ్యాక్టరీ కట్టాను. నేను అంబత్తూరులో ఒక చిన్న ఆటో విడిభాగాల కంపెనీలో పర్చేజ్ చూస్తాను. మూడేళ్ళ కింద మా దగ్గర ఆర్డర్లు ఆలస్యమవుతుంటే మూడో సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ లెక్కన లోహాన్ని కోసే యంత్రం) కొందామన్నారు. నేను రెండు రోజులు షాప్ ఫ్లోర్‌లో నిలబడి చూశాను. ఉన్న రెండు మెషీన్లే ఫోర్జింగులు, అంటే వాటి మీద చెక్కాల్సిన ముడి లోహపు ముక్కలు, రాక సగం సేపు ఖాళీగా ఉంటున్నాయి. ఇంకో ఫోర్జింగ్ సప్లయర్‌ని పట్టుకున్నాం, మెషీన్ కొనలేదు. ఆ చూపు నాకు ఆ గళ్ళ వల్లే వచ్చిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే ఈ ఆట గురించి నాకు తెలిసిన ఆటగాళ్ళెవరికీ ఒకే అభిప్రాయం లేదు. ఎవరు ఏ పనిలో ఉన్నారో ఆ పని ఇందులో సరిగ్గా లేదంటారు.

బావ పల్లావరంలో తోలు వస్తువుల ఎగుమతి కంపెనీలో సూపర్‌వైజర్. ఆయన అభ్యంతరమంతా తోలు గురించే. ఆటలో పశువుల ఫారం నుంచి తోలు తిన్నగా సంచుల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. "పచ్చి తోలు పదును చెయ్యడం ఏదోయ్? ఎన్ని నీళ్ళు, ఎంత సున్నం, ఎంత క్రోమ్! ఆ మురుగునీళ్ళ ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు?" అంటాడు. పాలారు నదిలోకి వదిలిన టానరీల, అంటే తోలు పదును చేసే ఫ్యాక్టరీల, మురుగు మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్న సూత్రాన్ని కోర్టు ఆ కేసులో గట్టిగా చెప్పింది. శుద్ధి ఖర్చు లెక్క కట్టని తోలు వ్యాపారం వ్యాపారమే కాదని బావ మాట. నేను కాదనలేను.

మా ఆఫీసులో ప్లానింగ్ చూసే ఒంగోలు కుర్రాడు ఇంకో రకం. వాడు ఫ్యాక్టోరియో అనే ఫ్యాక్టరీలు కట్టే ఆట ఆడతాడు. బెల్టులు, యంత్రాలు, రైళ్ళు, గంటల తరబడి అదే. కాపిటలిజం తెరలు చూస్తే ఎక్సెల్ షీటు చూసినట్టుందంటాడు. వాడికి నచ్చింది షేర్ల భాగం ఒక్కటే. పోటీ కంపెనీ షేరు పడిపోయినప్పుడు కొంచెం కొంచెంగా కొని, చివరికి కంపెనీనే కలిపేసుకుంటాడు. "పదేళ్ళు దాటాక డబ్బు కుప్పలుగా పడుంటుంది సార్, ఇక ఆడటానికి ఏముంది?" అన్నాడు. ఆ మాట నిజం. నేనూ పదేళ్ళ దాకా వెళ్ళను. మొదటి నాలుగేళ్ళలోనే ఆట ఉంది. ఒక తప్పు చేస్తే ఆరు నెలలు కోలుకోలేని దశ అది.

నా అభిప్రాయం ఇన్నాళ్ళూ వీళ్ళిద్దరికీ ఎదురు నిలబడి ఆటని వెనకేసుకు రావడమే. ధర, నాణ్యత, బ్రాండు, ఈ మూడిట్లో జనం దేనికి ఎంత విలువిస్తారో ఒక్కో వస్తువుకి ఒక్కో రకంగా పెట్టాడే, ఇంత వివరంగా ఎవరు చేశారు అని వాదించేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ నాన్న అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఎందుకంటే మా కొట్టు మూతబడింది బాకీల వల్లే. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో నాన్నకి కాగితాల హోల్‌సేల్ కొట్టుండేది. రీముల లెక్కన కాగితం, డజన్ల లెక్కన నోటుపుస్తకాలు. మే నెల వచ్చిందంటే నెల్లూరు, గూడూరు, కావలి వైపు నుంచి కొట్లవాళ్ళు తెల్లవారి రైలుకి సెంట్రల్లో దిగి నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్ళు. తెలుగు మాట్లాడే కొట్టు అని. సరుకు జూన్‌లో వెళ్ళేది. డబ్బు దసరాకి. మిల్లు ఏజెంటు మాత్రం 15 రోజులకే నిలబడేవాడు. మధ్యలో ఉన్న ఆ నాలుగు నెలలూ నాన్న వడ్డీకి తెచ్చి నెట్టుకొచ్చేవాడు. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి, భోంచేసి, ఎర్రగుడ్డ అట్ట వేసిన ఆవర్జా ముందేసుకుని కూర్చునేవాడు. ఏ రోజు ఏం జరిగిందో చిట్టాలో ఉంటుంది, ఎవడు ఎంత ఇవ్వాలో ఆవర్జాలో ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. జమ అయితే అంకె చుట్టూ సున్నా చుట్టేవాడు.

ఒక కొట్టు, ఊరు చెప్పను, వరసగా రెండు సీజన్లు సరుకు తీసుకుంది. 3 లక్షల 80 వేలు. నాన్న మూడుసార్లు రైలెక్కి వెళ్ళాడు. మూడోసారి నన్నూ తీసుకెళ్ళాడు. వాళ్ళ కొట్టు ముందు బల్ల మీద పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నాం. రెండుసార్లు కాఫీ ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు. మా కళ్ళ ముందే గల్లాలో నోట్లు పడుతున్నాయి. ఆ గల్లా మూసే చప్పుడు నాకింకా గుర్తుంది. 2006లో కొట్టు ఖాళీ చేశాం. ఆ చివరి ఏడాది కూడా మా అమ్మకాలు బాగున్నాయి. చిట్టా చూస్తే లాభమే. ఈ ఆటలో అయితే మేము గెలిచినట్టు లెక్క.

ఇప్పుడు నా ఉద్యోగంలోనూ అదే కథ చూస్తున్నాను. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం) ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు, ఒప్పందం ఏదైనా సరే, 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ టాక్స్‌లో ఇంకో మెలిక కూడా వచ్చింది. గడువులోగా చెల్లించకపోతే, కొన్నవాళ్ళు డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చు చూపించుకోవాలి. ఇది వచ్చాక మార్చి నెలలో మాకు వసూళ్ళు కొంచెం మెరుగయ్యాయి. అయినా 90 రోజులు తిప్పించే కొనుగోలుదారులు ఉన్నారు. వాళ్ళ మీద వడ్డీ అడిగితే తర్వాతి ఆర్డరు రాదని మా యజమానికి భయం. జీతాల రోజు ముందు అకౌంట్స్ గదిలో ఉండే టెన్షన్ ఏ ఆటలోనూ లేదు.

అందుకే దీపావళి తర్వాత నేనొక నియమం పెట్టుకున్నాను. గత రెండు నెలల అమ్మకాల డబ్బు తెర మీద కనబడుతున్నా ముట్టుకోకూడదు. పక్కన ఒక నోటుపుస్తకం. ఒంగోలు కుర్రాడికి చెబితే వెంటనే తప్పు పట్టాడు. "సార్, దుకాణంలో పర్సు కొన్నవాడు అక్కడే డబ్బిస్తాడు కదా. చిల్లర అమ్మకానికి అరువేంటి?" వాడన్నది నూటికి నూరుపాళ్ళూ సరైన మాట. నియమం మార్చాను. నా దుకాణాల అమ్మకం రొక్కమే. నా ఫ్యాక్టరీ నుంచి పోటీ కంపెనీల దుకాణాలకి వెళ్ళే సరుకు మాత్రం 60 రోజుల అరువు.

ఈ చిన్న మార్పుతో ఆట మొత్తం తిరగబడింది. ఫ్యాక్టరీ సరుకుని సొంత దుకాణాలకే ఇవ్వాలా, బయటివాళ్ళకీ అమ్మాలా అన్నది ఈ ఆటలో పెద్ద నిర్ణయం. మిగులు సరుకుంటే బయట అమ్ముకో, ఉత్తినే వచ్చే డబ్బు అని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. ఇప్పుడది ఉత్తినే రావడం లేదు. తోలు కొనాలి, జీతాలివ్వాలి, అవి ఈ రోజే. తెర మీద 11 లక్షల డాలర్లు కనబడతాయి. నోటుపుస్తకంలో 8 లక్షలు బాకీ. నాకున్నది 3 లక్షలు. సరుకు నాణ్యత పెంచే రీసెర్చ్ సెంటర్ కట్టాలని ఎంతగా అనిపించినా కట్టలేకపోయాను. ఈలోగా పోటీ కంపెనీ పర్సుల నాణ్యత నన్ను దాటిపోయింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మూడో ఏట నేను వెనకబడ్డాను. అంత ఆసక్తిగా ఆడి కూడా ఎన్నేళ్ళయిందో.

సంక్రాంతికి నాన్నకి చూపించాను. నోటుపుస్తకం తిరగేశాడు.

"అందరూ సరిగ్గా రెండు నెలలకి ఇస్తారా? అలాంటి ఊరు నేనెప్పుడూ చూడలేదు. ఒకడు నెలకి ఇస్తాడు, ఒకడు మూడు నెలలు తిప్పుతాడు, ఒకడు అసలివ్వడు. చీటీలు రాయి."

ఆయనే కూర్చుని పది చీటీలు రాశాడు. నాలుగింటి మీద 30, మూడింటి మీద 60, రెండింటి మీద 90, ఒకదాని మీద 'రాదు'. స్టీలు గ్లాసులో వేశాం. ఆటలో మూడు నెలలకోసారి ఒక్కో పోటీ కంపెనీ పేరు మీద ఒక్కో చీటీ తీస్తాం. 'రాదు' వస్తే ఆ మొత్తాన్ని తెర మీది రొక్కంలోంచి ఎప్పటికీ తీసేసినట్టే. మొదటి 'రాదు' ఆటలో సెప్టెంబర్‌లో వచ్చింది, 2 లక్షల 40 వేల డాలర్లకి. నేను అప్పటికి ఆ కంపెనీ ఒక్కదానికే సగం సరుకు వేస్తున్నాను. నాన్న చీటీ విప్పి చూసి, మడిచి మళ్ళీ గ్లాసులో వేశాడు. "వాడికి ఇంక సరుకు ఆపెయ్" అన్నాడు. ఆపేశాను. ఆ రోజు నుంచి ఒక్క కంపెనీకి మొత్తం సరుకులో నాలుగో వంతు దాటి ఇవ్వడం లేదు. రెండో చిల్లర దుకాణం తెరిచాను, చిన్నదే. జీతాలన్నీ దాని మీదే వెళ్తున్నాయి. ఆండర్సన్ స్ట్రీట్‌లో కొట్టు ముందు చిల్లర కౌంటర్ ఒకటి పెడదామని అమ్మ ఎన్నోసార్లు అందని, తను వినలేదని నాన్న అప్పుడే చెప్పాడు. నాకు ఆ సంగతి తెలియదు.

పోయిన ఆదివారం బావ వచ్చాడు. ఆయనా ఇదే నియమంతో ఆడతానన్నాడు, పైగా తోలు సరుకు మీద నూటికి పది మురుగు శుద్ధి ఖర్చు కింద పక్కన పెడతానన్నాడు. నాన్న కొత్త నోటుపుస్తకం తెప్పించి, మొదటి పేజీ పైన శ్రీ రాసి, బావకి ఒక్కో పోటీ కంపెనీకి ఒక్కో పేజీ గీత కొట్టి ఇచ్చాడు. నా ఆవర్జా కూడా ఇప్పుడు నాన్నే రాస్తున్నాడు. జమ అయిన అంకె చుట్టూ అదే సున్నా.