గళ్లనుడికట్టు ప్రాజెక్టు: పైథానా, రస్టా, జావాస్క్రిప్టా?

1వ వారం

పదాల జాబితా ఇస్తే 9×9 గళ్లనుడికట్టు తయారవ్వాలి, దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో పూరించగలగాలి. ఇంత చిన్న పట్టికకు వేగం చూసి ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకోనక్కర్లేదు. గడికో అక్షరం సరిగ్గా పడుతోందా అన్నదే పరీక్ష, దానికి ‘స్త్రీ’ ఒక్క మాట చాలు. పొడవు అడిగితే పైథాన్, జావాస్క్రిప్ట్ హల్లులను, పొల్లులను, గుణింతపు గుర్తును విడివిడిగా లెక్కపెట్టి 6 అంటాయి. రస్ట్, గో బైట్లు లెక్కపెట్టి 18 అంటాయి (యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు, అంటే విడి గుర్తుకు, 3 బైట్లు). మనకు కావలసిన 1 ఎవరూ చెప్పరు.

పైథాన్‌లో ఇంకో గొయ్యి ఉంది. దానితో వచ్చే రెజెక్స్‌లో (నమూనాతో వెతికే సాధనం) ‘పదంలోని అక్షరం’ అని అర్థమున్న బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు గుణింతపు గుర్తులు అందవు. ‘తెలుగు’ కాస్తా త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. పదాలను ఖాళీల దగ్గరే విడగొట్టాలి.

2వ వారం

పదాన్ని అక్షరాలుగా విడగొట్టే రెడీమేడ్ విభజన నమ్మదగింది కాదు. సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లోకి (కంప్యూటర్లలో లిపుల ప్రమాణం) 15.1 వెర్షన్‌తో, 2023లో వచ్చింది. పాత డేటా ఉన్న లైబ్రరీ ‘స్త్రీ’ని స్, త్, రీ అంటుంది. పాత బ్రౌజర్లలోని సెగ్మెంటర్‌దీ (అక్షరాలు విడగొట్టే సాధనం) అదే తంటా, పైగా ఫైర్‌ఫాక్స్‌లోకి అది 125వ వెర్షన్‌తో గానీ రాలేదు.

కాబట్టి సొంత నియమమే: ఒక్కో గడిలో అచ్చు గానీ హల్లు గానీ మొదలు, హల్లయితే పొల్లు గుర్తు, హల్లు జంటలు ఎన్నున్నా దానికే, తర్వాత గుణింతం లేదా పొల్లు, చివర సున్నా, విసర్గ. ‘సాఫ్ట్‌వేర్’ సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు గళ్లు. మధ్యలో, ‘ట్’ తర్వాత, కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు). శుభ్రం చేద్దామని దాన్ని ముందే తీసేస్తే ‘ఫ్ట్వే’ ఒకే గడిలో ఇరుక్కుంటుంది. విడగొట్టాకే తీయాలి.

3వ వారం

తీర్పు: పైథాన్. విభజన, పట్టిక నింపడం అక్కడే. ఫలితం గడులవారీగా జేసన్ అనే డేటా ఫార్మాట్‌లోకి. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ అక్షరాలను విడగొట్టదు, పూరించినదాన్ని జవాబుతో పోల్చుతుందంతే. రస్ట్ ఈ పనికి బరువెక్కువ.

పోల్చేముందు రెండువైపులా ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే రూపంలోకి మార్చడం) తప్పనిసరి: ఐత్వాన్ని ఒక కోడ్‌పాయింట్‌గానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు, కంటికి తేడా తెలియదు. గడికి మ్యాక్స్‌లెంగ్త్ (ఎన్ని గుర్తులు టైప్ చేయొచ్చన్న హద్దు) 1 పెట్టకూడదు, ‘క్షి’కే 4 కావాలి.

మిగిలింది పొల్లుతో ముగిసే అడ్డం పదాలు. ‘ర్’ గడి మీదుగా నిలువు పదం దొరకడం కష్టం. ఆ గడికి పైనా కిందా నల్లగడులు పెట్టేలా ఫిల్లర్‌ను (పట్టిక నింపే కోడ్) మార్చాలి.