ఐసీయూలో నా తరఫున అడిగిన మనిషి

విరేచనాలు తగ్గి కాస్త తేరుకున్నాననుకునేలోపే కాళ్లలో తిమ్మిరి మొదలైంది. ముందు మెట్లెక్కలేకపోయాను, తర్వాత దువ్వెన పట్టుకోలేకపోయాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి, గిలన్ బారీ సిండ్రోమ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద తిరగబడే జబ్బిది. ఐదు రోజులు ఎక్కించాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ మందు సగంలో ఉండగానే ఊపిరి అందక వెంటిలేటర్ మీదికి వెళ్లాను.

ఒళ్లు పడిపోయినా తెలివి పోదు. ప్రతి మాటా వినిపించేది, నొప్పంతా తెలిసేది. రెప్పలు తప్ప ఏదీ కదిలేది కాదు.

మొదట చేరిన ఆస్పత్రిలో వైద్యానికి వంక పెట్టను. కానీ నాతో మాట్లాడినవాళ్లు లేరు. అత్తమ్మ ప్రేమకొద్దీ తలగడ పక్కన ఫోన్లో భగవద్గీత పెట్టించింది, నర్సులు దాన్ని ఆపకుండా మోగించారు. మన వైపు ఆ శ్లోకాలు మైకులో వినబడితే ఎవరింట్లో పోయారోనని అడుగుతాం. నాన్న పోయిన రోజు మా వాకిట్లో మోగినవీ అవే. నన్ను కూడా సాగనంపుతున్నారనే అనుకున్నాను. ఆపమని చెప్పే దారి లేదు.

తర్వాత ఉత్తర బెంగళూరులోని ఒక మిషన్ ఆస్పత్రికి మార్చారు. ఆ ఫోనూ వెంటే వచ్చింది. అక్కడ రెండోనాడో మూడోనాడో ఒకాయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోలారు వైపు తెలుగు. “అమ్మా, నేను ఈ ఆస్పత్రి చాప్లిన్ని, రోగుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పేవాణ్ణి. క్రైస్తవుణ్ణి. మీరు కోరితే తప్ప ప్రార్థన చెయ్యను. ఉండమంటే ఒకసారి, పొమ్మంటే రెండుసార్లు రెప్ప కొట్టండి” అన్నాడు.

ఒకసారి కొట్టాను.

ఆయన వర్ణమాల మొదలుపెట్టాడు. అచ్చులా, హల్లులా? క వరసా, చ వరసా? ప వరస దగ్గర రెప్ప వేశాను. ప, ఫ, బ, భ... “భయమామ్మా?” అవును. భయపడకండి అంటాడనుకున్నాను. అనలేదు. “పోతాననా, ఇట్లే ఉండిపోతాననా?” అని అడిగాడు. రెండో మాటకు రెప్ప వేస్తుంటే కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. ఆయనే తుడిచాడు. ఫోన్ సంగతి కూడా ఆ రోజే అడిగి ఆపించాడు.

ఆయన వెళ్తూ ఫైల్లో రాసిన మూడు మాటలు నాకు చదివి వినిపించాడు. పాట వద్దు. డాక్టర్లు రౌండుకొచ్చినప్పుడు కండరాల బలం ఎంతవరకొచ్చిందో ఆమెకు వినబడేలా చెప్పాలి. కొడుకును లోపలికి రానివ్వాలి. మర్నాటినుంచి మూడూ జరిగాయి. ఎనిమిదో తరగతి చదివే నా కొడుకు వచ్చి మార్కులు అప్పజెప్పాడు.

ఫిజియోథెరపీ నెలల్లో ఆయనను వదలకుండా అడిగి తెలుసుకున్నాను. ఇదంతా ఆయన మంచితనం ఒక్కటే కాదు, వెనక ఏర్పాటుంది. చేరినప్పుడే నర్సు “మీకు ధైర్యం దేనివల్ల వస్తుంది?” అని అడిగి రాస్తుంది. అవసరమనిపిస్తే చాప్లిన్‌కు కబురు పెడుతుంది. పూజారి, మౌల్వీ, ఫాదర్ నంబర్లు ఆఫీసులో ఉంటాయి. మతం మార్చే మాట ఎత్తకూడదు. రహస్యంగా చెప్పింది ఫైల్లోకి ఎక్కదు.

ఇలాంటి పనికి చాప్లిన్లకిచ్చే శిక్షణను తీర్చిదిద్దినవారిలో ఆంటన్ బోయిసెన్ ఒకరని అప్పుడే విన్నాను. మానసిక రోగిగా ఆస్పత్రిలో గడిపిన ఆ అమెరికన్ పాస్టర్, 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆస్పత్రిలో క్రైస్తవ వేదాంత విద్యార్థులను రోగుల దగ్గర కూర్చోబెట్టి నేర్పించాడు. మంచాన పడ్డవాడికే ఆ పని తోచడం నాకు వింతగా లేదు. మన దేశంలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లోనూ, రోగి ఆధ్యాత్మిక, సాంస్కృతిక అవసరాలను గౌరవించాలని ఉంది. కానీ చాలాచోట్ల అది లాబీలో దేవుడి పటంతో ఆగిపోతోంది. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి, ఆయన రాసిన మాటను వార్డు పాటించాలి. నాకు మందెంత పనిచేసిందో ఆ ఏర్పాటూ అంత పనిచేసింది.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను, పాదాల్లో మంట ఇంకా ఉంది. డిశ్చార్జి కాగితాలతో పాటు ఒక కోరిక రాసిచ్చాను: ఐసీయూలో భయం ముదిరేది రాత్రిళ్లే కాబట్టి, రాత్రి డ్యూటీకి కూడా ఒక చాప్లిన్‌ను వెయ్యాలని. మనుషులు చాలడం లేదన్నారు. వచ్చే నెల చెకప్‌కు వెళ్లినప్పుడు మళ్లీ అడుగుతాను.