అమెరికా పిల్లడు, శ్రీకాకుళం ఇల్లు: నా అనుభవం

మా వాడికి రెండున్నరేళ్లప్పుడు అమెరికా నుంచి శ్రీకాకుళం వచ్చేశాం. ఇక్కడికి వచ్చేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది జ్వరం మందు సంగతి. అక్కడ అసిటమినోఫెన్ అంటారు, ఇక్కడ పారాసిటమాల్. మందు ఒకటే, గాఢతే వేరు. అక్కడి పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది. ఇక్కడ 120ది, 250ది రెండూ అమ్ముతారు. చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100. ఒక్కసారికి మోతాదు కిలో బరువుకి 10 నుంచి 15 మి.గ్రా. మా వాడు 12 కిలోలు. అలవాటు కొద్దీ 5 మి.లీ. పట్టేస్తే 160 బదులు 250 పడుతుంది, చుక్కల సీసాలోంచైతే 500. మామ్మ చేతికి సీసా ఇస్తూ 'ఒక మూత' అని చెప్పొద్దు. డాక్టరు చెప్పిన కొలత దగ్గర సిరంజి మీద గీత పెట్టి, ఆ సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టేయండి.

తరవాత తేదీలు. అక్కడి టీకా కార్డు మీద నెల ముందుంటుంది. పుట్టిన తేదీ 04/09 అంటే ఏప్రిల్ 9. ఇక్కడ స్కూలు గుమాస్తా దాన్ని సెప్టెంబరు 4గా రాసేసుకుంటాడు. జూన్‌లో బడి తెరిచేనాటికి వయసు లెక్క చూసేచోట ఆ ఐదు నెలలకి ఏడాది పోతుంది. దరఖాస్తులో నెల పేరు అక్షరాల్లో రాయండి.

భుజం మీద మచ్చ లేదేమని అందరూ అడుగుతారు. ఆ మచ్చ క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాది, అమెరికాలో దాన్ని మామూలుగా వేయరు. ఇక్కడ ప్రభుత్వ టీకాల్లో దాన్ని ఏడాది లోపే వేస్తారు, ఆ వయసు దాటితే పిల్లల డాక్టరుదే నిర్ణయం. టైఫాయిడ్ టీకా కూడా అక్కడి పట్టికలో ఉండదు, అడిగి వేయించుకోండి. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు బయలుదేరకముందే తీసుకోవాలి. పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే. కొత్తదానికి పిల్లాడితో సహా హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లాలి.

పాలు మారితే కడుపు మారుతుంది. అక్కడి హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతం. ఇక్కడ ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6, టోన్డ్‌లో 3. పేరు చూసి ఫుల్ క్రీమ్ కొనకండి, టోన్డే దగ్గర. చోడి (రాగి) అంబలి మాత్రం మొదటి వారమే అలవాటు చేయొచ్చు, పల్చగా, గ్లాసుతో.

ఇంట్లో అసలు పేచీ పడకది. అక్కడ వెల్లకిలా, దిండూ దుప్పటీ లేని తొట్టిలో, విడిగా పడుకోబెట్టమంటారు. అది ఏడాది లోపు పిల్లలకి ఊపిరాడకపోయే ప్రమాదం చూసి పెట్టిన నియమం. మొదటి రాత్రే మా అత్తగారు, "ఏటమ్మీ, పిల్లడిని ఒక్కడినే పడుకోబెట్టీసినావేటి?" అన్నారు. వాడి వయసుకి ఆ భయం లేదు కాబట్టి మామ్మ పక్కలోకి పంపేశాను. గట్టిగా పట్టుబట్టింది రెండింటికే. ఒకటి, నాలుగేళ్లు దాటేదాకా నోట్లో గుండు వేరుశెనగ గింజలు పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. రెండోది బండి. నాలుగేళ్లలోపు పిల్లలకి హెల్మెట్టు, వాళ్లని బండి నడిపేవాళ్లకి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏడురోడ్ల జంక్షన్‌లో గంట నిలబడితే అలాంటి బెల్టు ఒక్కటి కనబడదు. మాది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. వాళ్ల తాత దాన్ని పశువుల పలుపంటారు గానీ, కట్టకుండా బండి తీయరు.